7.4 చర్మ క్యాన్సర్ చికిత్స – ప్రైవేటు పైలట్ల వైద్య ధ్రువీకరణ

విమానం నడపడానికి లైసెన్సు ఒక్కటే చాలదు. చెల్లుబాటులో ఉన్న వైద్య ధ్రువపత్రం కూడా ఉండాలి. మన దేశంలో దీనికి డీజీసీఏ నియమాలు వర్తిస్తాయి. ప్రైవేటు పైలట్‌కు క్లాస్ 2, వృత్తి పైలట్‌కు క్లాస్ 1 పత్రం అవసరం. పైలట్‌కు చర్మ క్యాన్సర్ వస్తే ఈ పత్రం ఏమవుతుందో ఈ భాగంలో తెలుసుకుందాం.

ఒక ఉదాహరణ చూడండి. గన్నవరం దగ్గర ఉండే ఒక ప్రైవేటు పైలట్‌కు వ్యవసాయం కూడా ఉందనుకుందాం. ఆయన అరికాలిలో నల్లమచ్చ కనిపించింది. పొలం గట్టు మీద ముల్లు గుచ్చుకుని రక్తం గడ్డకట్టిందనుకున్నారు. తరువాత అనుమానం వచ్చినా, పత్రం పోతుందన్న భయంతో వైద్యునికి చూపించలేదు. ఈ భయం ఎంతవరకు సరైనది?

7.4.1 మూడు ముఖ్య రకాలు

బేసల్ సెల్ క్యాన్సర్ నెమ్మదిగా పెరుగుతుంది. ఇతర అవయవాలకు పాకడం చాలా అరుదు. స్క్వేమస్ సెల్ క్యాన్సర్ కొన్నిసార్లు లింఫు గ్రంథులకు చేరుతుంది. పాత కాలిన మచ్చల్లో, ఏళ్ల తరబడి మానని పుండ్లలో కూడా ఇది పుట్టవచ్చు. మెలనోమా వీటికన్నా ప్రమాదకరం. ఇది ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు పాకగలదు.

మన చర్మంలోని మెలనిన్ ఎండ నుంచి కొంత రక్షణ ఇస్తుంది. అయితే అరచేతులు, అరికాళ్లు, గోళ్ల కింద వచ్చే మెలనోమాకు ఎండ ప్రధాన కారణం కాదు. కాబట్టి చామనఛాయ వారు కూడా అక్కడి కొత్త మచ్చలను గమనించాలి.

7.4.2 వైద్య పరీక్షకుడు ఏమి చూస్తాడు?

అతని ముందున్న అసలు ప్రశ్న ఒక్కటే: గాలిలో ఉండగా ఈ పైలట్ హఠాత్తుగా అశక్తుడయ్యే అవకాశం ఉందా? చిన్న విమానంలో తరచుగా పైలట్ ఒక్కరే ఉంటారు.

బేసల్ సెల్ కణితిని పూర్తిగా తొలగించి, గాయం మానితే, సాధారణంగా అది పెద్ద అడ్డంకి కాదు. మెలనోమా విషయంలో కణితి చర్మంలోకి ఎంత లోతుగా దిగిందో మిల్లీమీటర్లలో కొలుస్తారు. లోతు పెరిగే కొద్దీ వ్యాప్తి ప్రమాదం పెరుగుతుంది. మెదడుకు పాకితే తొలి లక్షణం మూర్ఛే కావచ్చు. అందుకే లోతైన మెలనోమాలో మెదడు స్కానింగు కూడా అడగవచ్చు.

7.4.3 పైలట్ బాధ్యత

ఆరోగ్యం తగ్గిందని తెలిసినప్పుడు, పత్రం గడువు మిగిలి ఉన్నా విమానం నడపరాదు. ఇది అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమం. బయాప్సీ నివేదిక, శస్త్రచికిత్స వివరాలు, స్కానింగు ఫలితాలు భద్రపరచుకుని పరీక్షకునికి చూపాలి.

ఇప్పుడు మన ఉదాహరణకు వద్దాం. మచ్చ పలుచగా ఉన్నప్పుడే తీయించుకుంటే ఆయన కొంతకాలం ఆగి, తిరిగి ధ్రువీకరణ పొందే అవకాశం ఎక్కువ. దాచిన ప్రతి నెలా మచ్చ లోతుకు దిగవచ్చు. అప్పుడు పత్రంతోపాటు ప్రాణమూ ప్రమాదంలో పడుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. బేసల్ సెల్ క్యాన్సర్, మెలనోమాల మధ్య తేడాలు ధ్రువీకరణను ఎలా ప్రభావితం చేస్తాయి?
2. పత్రం పోతుందన్న భయమే పత్రం పోవడానికి ఎలా కారణం కాగలదు?