కంప్యూటర్ మెమొరీ - హద్దులు, పరిష్కారాలు

రాజమహేంద్రవరానికి చేరువలోని ధవళేశ్వరం వద్ద గోదావరి నదికి అడ్డంగా 1847-1852 సంవత్సరాల మధ్య సర్ ఆర్థర్ కాటన్ ఆనకట్ట నిర్మించాడు. అది పాతబడగా దాని స్థానంలో తలపెట్టిన కొత్త బ్యారేజి 1982 నాటికి పూర్తయింది. 175 తలుపులున్న ఈ బ్యారేజి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలలోని సుమారు పది లక్షల ఎకరాలకు నీరందిస్తున్నది. వరదకాలంలో ఇక్కడి నీటిమట్టమే డెల్టా ప్రజలకు హెచ్చరిక. మట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరికను, 13.75 అడుగులకు రెండవదానిని, 17.75 అడుగులకు మూడవదానిని జారీచేస్తారు. 1986 ఆగస్టులో వచ్చిన వరదలో ఇక్కడ 35 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం నమోదైంది.

వరద నీరు ఏ ఊరిని ఎంత లోతున ముంచుతుందో ముందుగా లెక్కించడానికి నేడు సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అమెరికా సైనిక ఇంజనీర్ల దళం 1995లో విడుదల చేసిన హెక్-రాస్ అటువంటిది. దానిని ఎవరైనా ఉచితంగా పొందవచ్చు. 2016లో వెలువడిన దాని అయిదవ వెర్షన్ నుండి, నీరు నది పొడవునా పారే తీరునే గాక మైదానం మీద నలుదిక్కులకూ వ్యాపించే తీరును కూడా లెక్కించే వీలు కలిగింది. అయితే ఇటువంటి లెక్కలు సాధారణమైన డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు పెనుభారం. గంటలకొద్దీ నడిచిన లెక్క ‘మెమొరీ చాలదు’ అన్న ఒక్క సందేశంతో నిలిచిపోవచ్చు. లంక గ్రామాన్ని ఎప్పుడు ఖాళీ చేయించాలో చెప్పవలసిన లెక్క సగంలో ఆగిపోయినా, నది మాత్రం ఆగదు. కనుక ఆ సందేశానికి గల కారణాలను గుర్తించడం, వాటిని తొలగించడం తెలుసుకోవడం అవసరం.

కంప్యూటర్‌లో సమాచారం ముఖ్యంగా రెండు చోట్ల ఉంటుంది. మొదటిది డిస్కు. విద్యుత్తు ఆగినా అందులోని సమాచారం చెరిగిపోదు. రెండవది ర్యామ్. కంప్యూటర్ ఆ క్షణాన చేస్తున్న పనికి కావలసిన అంకెలు ఇందులో ఉంటాయి. విద్యుత్తు ఆగితే ఇవి నశిస్తాయి. నాగార్జునసాగర్ వంటి జలాశయం నీటిని నెలల తరబడి నిల్వ చేస్తుంది. ధవళేశ్వరం బ్యారేజి ప్రధానంగా నీటిమట్టాన్ని పెంచి కాలువలకు మళ్ళిస్తుంది. డిస్కు జలాశయం వంటిదనుకుంటే, ర్యామ్ బ్యారేజి వంటిది. డిస్కులో ఎంతో ఖాళీ ఉండగా ‘మెమొరీ చాలదు’ అన్న సందేశం రావడం చూసి ఆశ్చర్యపడనక్కరలేదు. ఆ రెండూ వేరు.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. డెల్టాలో 100 కిలోమీటర్ల పొడవు, 80 కిలోమీటర్ల వెడల్పు గల ప్రాంతాన్ని తీసుకొని, దానిని 10 మీటర్ల చదరపు గళ్ళుగా విభజించామనుకొందాం. పొడవున 10,000, వెడల్పున 8,000 చొప్పున మొత్తం 8 కోట్ల గళ్ళు ఏర్పడతాయి. ప్రతి గడికీ నేల ఎత్తు, నీటి లోతు, రెండు దిశలలో ప్రవాహవేగం అనే నాలుగు విలువలు కావాలి. ఒక్కొక్క విలువకు 8 బైట్లు పట్టినా మొత్తం 256 కోట్ల బైట్లు అవసరం. అంటే దాదాపు రెండున్నర గిగాబైట్లు. పటం మరింత స్పష్టంగా ఉండాలని గడిని 5 మీటర్లకు తగ్గిస్తే, గళ్ళ సంఖ్య రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. అప్పుడు పది గిగాబైట్ల వరకు కావలసివస్తుంది. విద్యార్థులు సాధారణంగా పొరబడేది ఇక్కడే.

ఈ అవసరానికి అడ్డుతగిలే హద్దులు ప్రధానంగా నాలుగు.

మొదటిది ర్యామ్ పరిమాణం. కంప్యూటర్‌లో 8 గిగాబైట్ల ర్యామ్ ఉన్నా అదంతా మన సాఫ్ట్‌వేర్‌కే దక్కదు. ఆపరేటింగ్ సిస్టమ్, తెరచి ఉంచిన ఇతర ప్రోగ్రాములు కొంత వాడుకుంటాయి. ప్రత్యేకమైన గ్రాఫిక్స్ కార్డు లేనిచోట తెరమీది బొమ్మల కోసం కూడా ర్యామ్ నుంచే కొంత భాగం పోతుంది.

రెండవది చిరునామాల హద్దు. మెమొరీలోని ప్రతి బైటుకూ ఒక చిరునామా సంఖ్య ఉంటుంది. 32 బిట్ల సాఫ్ట్‌వేర్ 429 కోట్లకు పైగా, అంటే 4 గిగాబైట్ల వరకు మాత్రమే చిరునామాలను పేర్కొనగలదు. విండోస్‌లో అటువంటి ప్రోగ్రాముకు మామూలుగా లభించేది అందులో సగం, అంటే 2 గిగాబైట్లే. నదిలో నీరు నిండుగా ఉన్నా, కాలువ తన హెడ్ స్లూయిస్‌లో పట్టినంత నీటినే తీసుకోగలదు. అదేవిధంగా ర్యామ్‌ను 8 నుండి 16 గిగాబైట్లకు పెంచినా ఈ హద్దు మారదు. పైన చెప్పిన రెండున్నర గిగాబైట్ల లెక్క అటువంటి సాఫ్ట్‌వేర్‌లో ఆగిపోతుంది. 2021లో వచ్చిన విండోస్ 11 కేవలం 64 బిట్లదే అయినా, దానిమీద నడిచే పాత 32 బిట్ల ప్రోగ్రాములకు ఈ పరిమితి తొలగదు.

మూడవది హామీల హద్దు. ప్రోగ్రాములు అడిగిన మెమొరీకి ఆపరేటింగ్ సిస్టమ్ ముందుగా హామీ ఇస్తుంది. ర్యామ్ పరిమాణానికి, డిస్కులో పేజ్ ఫైలు పేరిట కేటాయించిన స్థలాన్ని కలిపితే వచ్చే మొత్తమే విండోస్ ఇవ్వగల హామీకి పరిమితి. అది తీరిపోతే, ర్యామ్‌లో కొంత ఖాళీ కనిపిస్తున్నా కొత్త కోరికను నిరాకరిస్తుంది.

నాలుగవది నిజానికి హద్దు కాదు, దోషం. కొన్ని ప్రోగ్రాములు పని ముగిసిన మెమొరీని తిరిగి అప్పగించవు. చేస్తున్న పని పెరగకపోయినా వాడకం మాత్రం గంటగంటకూ పెరుగుతూ పోతుంది. దీనిని మెమొరీ లీక్ అంటారు. ఎంత ర్యామ్ చేర్చినా ఇది కొంత ఆలస్యంగా నిండుతుందే తప్ప సమస్య తీరదు.

ఈ నాలుగింటిలో ఏది కారణమో గుర్తించడం కష్టం కాదు. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరచుకొంటుంది. అందులో పెర్‌ఫార్మెన్స్ అన్న విభాగంలో మెమొరీ వాడకం, ‘కమిటెడ్’ అన్న పేరుతో హామీల మొత్తం కనిపిస్తాయి. లెక్కను ప్రారంభించి, పది నిమిషాలకొకసారి ఆ అంకెలను కాగితం మీద రాసుకోవాలి. ప్రోగ్రాము వాడకం 2 గిగాబైట్ల దరిదాపుల్లో ఆగితే అది 32 బిట్లదేమో చూడాలి. కమిటెడ్ అంకె తన పరిమితిని తాకితే కారణం హామీల హద్దు. వాడకం ఆగకుండా పెరుగుతుంటే లీక్‌ను అనుమానించాలి. ర్యామ్ నిండి, డిస్కు విరామం లేకుండా పనిచేస్తూ, కంప్యూటర్ మందగిస్తే ర్యామ్ చాలడంలేదని అర్థం.

కారణం తెలిశాక పరిష్కారం సులభం. చిరునామాల హద్దు ఉంటే, 64 బిట్ల ఆపరేటింగ్ సిస్టమ్ మీద అదే సాఫ్ట్‌వేర్ యొక్క 64 బిట్ల రూపాన్ని వాడాలి. హామీలు చాలకపోతే పేజ్ ఫైలును పెంచాలి. కాని డిస్కు ర్యామ్ కన్నా ఎంతో నెమ్మది కాబట్టి, దానివల్ల లెక్క ఆగకపోయినా ఆలస్యం కావచ్చు. లీక్ ఉంటే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌ను తెచ్చుకోవాలి. అది లేనప్పుడు మధ్యమధ్య ఫలితాలను డిస్కులో భద్రపరచి ప్రోగ్రామును మూసి తిరిగి ప్రారంభించాలి. నిజంగా ర్యామే తక్కువైతే ముందుగా అనవసరమైన ప్రోగ్రాములను మూయాలి. అప్పటికీ చాలకపోతే కొత్త ర్యామ్ కొనవచ్చు. కొనేముందు మదర్‌బోర్డు ఏ రకాన్ని, ఎంత మేరకు స్వీకరిస్తుందో చూడాలి. డీడీఆర్3 ర్యామ్ డీడీఆర్4 స్లాటులో అమరదు.

ఖర్చులేని పరిష్కారం మరొకటి ఉంది. అది లెక్కనే పొదుపుగా వేయడం. ప్రతి విలువకు 8 బైట్లకు బదులు 4 బైట్లు సరిపోయేచోట అవసరం సగానికి తగ్గుతుంది. ఏటిగట్ల వెంట, కాలువల వెంట చిన్న గళ్ళను, విశాలమైన వరిచేలలో పెద్ద గళ్ళను తీసుకుంటే ముఖ్యమైన చోట స్పష్టత తగ్గకుండానే భారం తగ్గుతుంది. గట్టు ఎత్తులోని చిన్న తేడా ఒక ఊరి గతిని మార్చవచ్చు. కాని పొలం మధ్య అంత సూక్ష్మత సాధారణంగా అవసరం ఉండదు.

సమస్య రాగానే కొత్త యంత్రభాగం కొనడం కొందరి అలవాటు. ధవళేశ్వరంలో ముందు నీటిమట్టాన్ని కొలిచి, ఆ తరువాతే తగినన్ని తలుపులు ఎత్తుతారు. కంప్యూటర్ విషయంలోనూ అదే క్రమం పాటించాలి. ముందు కొలవాలి, తరువాత కారణం నిర్ణయించాలి, ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేసి ఫలితం చూడాలి. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు, రేపు అదే సమస్య మళ్ళీ వస్తే మొదటి నుండి వెతుక్కోవలసివస్తుంది.

ప్రశ్నలు

1. ర్యామ్‌కు, డిస్కుకు గల భేదాన్ని వివరించండి.
2. ర్యామ్‌ను పెంచినా కొన్ని సాఫ్ట్‌వేర్లు ‘మెమొరీ చాలదు’ అని ఆగిపోవడానికి కారణాలేమిటి?
3. పాఠంలోని డెల్టా ప్రాంతాన్ని 20 మీటర్ల గళ్ళుగా విభజిస్తే ఎన్ని బైట్లు అవసరమో లెక్కించండి.