కొప్పులో పిన్ను... స్కానింగులో మచ్చ!

మొన్నామధ్య మా అత్తయ్యగారికి తలనొప్పి ఎంతకీ తగ్గడం లేదని డాక్టరు ఎమ్మారై స్కానింగు రాశారు. లోపలికి పంపేముందు గాజులు, గొలుసు, దుద్దులు అన్నీ తీయించి కొంగున మూటగట్టుకున్నాను. మంగళసూత్రం దగ్గర ఆవిడ తటపటాయించారు గానీ, పసుపుకొమ్ము కట్టిన దారం మెళ్లో వేశాక ఊరుకున్నారు.

పావుగంటైనా కాకుండానే టెక్నీషియన్ బయటికొచ్చి, "తల వెనకవైపు బొమ్మ నల్లగా వచ్చిందమ్మా, మళ్లీ తీయాలి" అన్నాడు. నా గుండె జారిపోయింది. ఏ గడ్డో అనుకున్నాను. తీరా వెదికితే కొప్పులో దాక్కున్న హెయిర్‌పిన్ను!

"ఇంత పిన్నుకే అంత బొమ్మ చెడుతుందా?" అన్నారు అత్తయ్యగారు. నాకూ అదే అనుమానం. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేశాను.

మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే కదా. ఆ నీటిలోని హైడ్రోజన్ పరమాణు కేంద్రకాలు చిట్టి అయస్కాంతాల్లాంటివి. పెద్ద అయస్కాంతంలో ఉంచితే బొంగరంలా తలాడిస్తాయి. 1.5 టెస్లా యంత్రంలో, అంటే భూమి అయస్కాంత శక్తికి సుమారు 30 వేల రెట్ల బలంలో, సెకనుకు 6 కోట్ల 40 లక్షల సార్లు! అదే వేగంతో రేడియో తరంగం పంపితే అవి అందుకుని, బదులు సంకేతం ఇస్తాయి. దీన్నే అనునాదం అంటారు.

కోలాటంలో అందరూ ఒకే తాళానికి కర్ర వేస్తేనే కదా అందం! ఇనుప పిన్ను ఉన్నచోట అయస్కాంత క్షేత్రం వంకరపోతుంది. అక్కడి పరమాణువులు కొన్ని ముందు, కొన్ని వెనక పడి క్షణంలో తాళం తప్పుతాయి. సంకేతాలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. అదే ఆ నల్లమచ్చ. అందుకే యంత్రం అమర్చేటప్పుడే, ఊగే బల్లకాలు కింద చెక్కముక్క దోపినట్టు, సన్నని ఇనుప ముక్కలు పెట్టి క్షేత్రాన్ని సరిచేస్తారు. తేడా పది లక్షల్లో కొద్ది వంతులకు మించకూడదు మరి.

1946లో బ్లాక్, పర్సెల్ ఈ అనునాదాన్ని పట్టుకున్నప్పటినుంచీ ఈ హెచ్చుతగ్గులు తలనొప్పే. 1973లో పాల్ లాటర్‌బర్ మాత్రం ఎక్కడ ఎంత తేడానో లెక్క తెలిసేలా కావాలనే క్షేత్రాన్ని వాలుగా పెట్టాడు. తాళం వేగాన్నిబట్టి సంకేతం ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిసిపోయింది. నీళ్లున్న రెండు చిన్న గొట్టాలు బొమ్మలో కనబడ్డాయి! 2003లో పీటర్ మాన్స్‌ఫీల్డ్‌తోపాటు ఆయనకు నోబెల్ వచ్చింది.

కాబట్టి స్కానింగుకు వెళ్లేటప్పుడు గొలుసుకూ గాజులకూ వేలాడే పిన్నీసులు, హుక్కులు, జరీ చీర, కాటుక అన్నీ చూసుకోండి. బంగారాన్ని అయస్కాంతం లాగకపోయినా బొమ్మ చెడవచ్చు. పేస్‌మేకర్, ఆపరేషన్లో వేసిన క్లిప్పులు, కాపర్-టీ, గర్భం... వీటి సంగతి మొహమాటపడకుండా ముందే చెప్పండి. యంత్రం చప్పుడు ఆగినా అయస్కాంతం మాత్రం ఆగదు సుమా!

రెండోసారి అత్తయ్యగారి బొమ్మ తేటగా వచ్చింది. గడ్డా లేదు, గిడ్డా లేదు. ఆ పిన్ను మాత్రం ఆవిడ మళ్లీ తల్లో పెట్టుకోలేదు!