మాత్ర ఎందుకు మింగలేదు?

2009లో దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేల్లో ‘వాయిస్’ అనే పెద్ద క్లినికల్ ట్రయల్ మొదలైంది. హెచ్‌ఐవీ లేని 5,029 మంది మహిళలు చేరారు. రోజూ ఒక మాత్ర మింగినా, జెల్ వాడినా వైరస్ సోకకుండా ఉంటుందా అన్నది తేల్చాలి. నెలనెలా అడిగితే దాదాపు అందరూ మందు వాడుతున్నామనే చెప్పారు. మిగిలిన మాత్రల లెక్క ప్రకారం వాడకం 86 శాతం.

2013లో ఫలితాలు వచ్చాయి. ఏ మందూ పనిచేయలేదు!

దాచి ఉంచిన రక్త నమూనాలు పరీక్షిస్తే, మందు జాడ 25 నుంచి 30 శాతం నమూనాల్లోనే కనిపించింది. అదే రకం మాత్రలు కెన్యా, ఉగాండాల్లో భార్యాభర్తలపై జరిగిన మరో ట్రయల్‌లో బాగా పనిచేశాయి. అంటే వాయిస్‌లో మందు చాలామంది ఒంట్లోకే వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో రక్తపరీక్ష చెప్పదు, మనుషులే చెప్పాలి.

వాళ్లచేత చెప్పించే పద్ధతినే గుణాత్మక పరిశోధన అంటారు. ఇందులో కొద్దిమందితోనే మాట్లాడతారు, కానీ తీరిగ్గా, వాళ్ల భాషలో మాట్లాడతారు. అవును, కాదు అని తేల్చే ప్రశ్నలుండవు. సంభాషణలను రికార్డు చేసి, అక్షరం పొల్లుపోకుండా రాసుకుని, పదేపదే వినిపించే భయాలనూ కారణాలనూ గుర్తిస్తారు. ఎంతమంది అన్నదానికంటే ఎందుకు అన్నదే ఇక్కడ ముఖ్యం.

వాయిస్ నడుస్తుండగానే జొహానెస్‌బర్గ్‌లో ఇలాంటి అధ్యయనం ఒకటి సాగింది. ట్రయల్ ముగిశాక మరో బృందం ఇంకో అడుగు ముందుకేసింది. మహిళలకు వాళ్ల రక్తపరీక్ష ఫలితాలనే చూపించి, నిందించకుండా, ఏం జరిగిందో చెప్పమంది. అప్పుడు చాలామంది మనసు విప్పారు. దుష్ప్రభావాలంటే భయం. మాత్రల డబ్బా ఇంట్లో కనిపిస్తే హెచ్‌ఐవీ ఉందనుకుంటారేమోనన్న బెంగ. భర్తో, స్నేహితుడో ఒప్పుకోకపోవడం. క్లినిక్‌లో వరుసలో కూర్చున్నప్పుడు తోటివారు చెప్పిన పుకార్లు. ఒంట్లో ఏ రోగమూ లేనప్పుడు రోజూ మందెందుకన్న సందేహం.

ఇవి విన్నాక ఆ మహిళలను అబద్ధాలకోరులనడం అన్యాయం. తెల్లకోటు ముందు నిజం చెప్పే ధైర్యాన్ని ట్రయల్ వాళ్లకు ఇవ్వలేకపోయింది. ఈ సంభాషణలు ఆఖర్లో కాదు, మొదటి నెల నుంచే ట్రయల్‌లో భాగమై ఉండాలి. పుకారు పుట్టిన వారంలోనే తెలిస్తే దానికి జవాబు చెప్పవచ్చు.

రోజూ మాత్ర దాచుకునే బాధ తప్పించే మందులపై ఆ తర్వాత ఆసక్తి పెరిగింది. ఆరు నెలలకోసారి ఇచ్చే లెనాకపవిర్ ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మంది మహిళల్లో ఒక్కరికీ వైరస్ సోకలేదని 2024లో దక్షిణాఫ్రికా, ఉగాండాల ట్రయల్ చూపింది. దాని జనరిక్ తయారీకి అనుమతి పొందిన కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్, హెటిరో ఉన్నాయి. అయితే ఆరు నెలలకోసారైనా మహిళలు క్లినిక్‌కు రావాలి. రానివారు ఎందుకు రాలేదో కూర్చోబెట్టి అడిగేవాళ్లు ఈసారి మొదటి రోజు నుంచే ఉండాలి.