అత్తిపత్తికి నిజంగా సిగ్గేనా?



అత్తిపత్తి ఆకు తాకగానే ఎందుకు ముడుచుకుంటుందని పిల్లలు అడిగితే, మనలో చాలామంది చెప్పేది ఒకటే: "దానికి సిగ్గు, నాన్నా!" 1753లో లిన్నేయస్ పెట్టిన 'మైమోసా పుడికా' అన్న పేరులోనూ ఆ సిగ్గే ఉంది. వినడానికి ముద్దుగా ఉన్నా, ఆ జవాబుతో పిల్లల ప్రశ్న అక్కడే ఆగిపోతుంది. అసలు సంగతి చెబితే ఇంకో నాలుగు ప్రశ్నలు పుడతాయి.

లోపల ఏం జరుగుతుంది?

ప్రతి చిట్టి ఆకు మొదట్లోనూ, కాడ మొదట్లోనూ చిన్న ఉబ్బు ఉంటుంది. దాని కణాల నిండా నీరు ఉన్నంతసేపు ఆకు విచ్చుకుని ఉంటుంది. మనం తాకగానే ఒక విద్యుత్ సంకేతం అక్కడికి చేరుతుంది. ఉబ్బులో ఒకవైపు కణాల నుంచి పొటాషియం, క్లోరైడ్ అయాన్లు బయటికి వెళ్తాయి. వాటి వెంటే నీరూ వెళ్తుంది. గాలి తీసిన బెలూన్‌లా ఆ వైపు మెత్తబడి ఆకు వాలిపోతుంది. నీరు మళ్ళీ నిండి ఆకు విచ్చుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. మన జగదీశ్ చంద్ర బోస్ వందేళ్ళ కిందటే ఈ మొక్క మీద ప్రయోగాలు చేసి, మొక్కల్లోనూ విద్యుత్ సంకేతాలు ప్రయాణిస్తాయని చూపించారు.

ముడుచుకుంటే లాభమేంటి?

పురుగుల నుంచి, మేసే పశువుల నుంచి కాపాడుకోవడానికే ఇలా చేస్తుందని శాస్త్రవేత్తల అంచనా. అయితే ఇందులో నష్టమూ ఉంది. ఆకు మూసుకున్నంతసేపు ఎండ సరిగా అందదు, ఆహారం తయారీ తగ్గుతుంది. అందుకేనేమో, ప్రమాదం లేదని తేలితే ఈ మొక్క ముడుచుకోవడం మానేస్తుంది. 2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు అత్తిపత్తి కుండీలను 15 సెంటీమీటర్ల ఎత్తు నుంచి మెత్తటి చోట పదేపదే జారవిడిచారు. కాసేపటికి ఆకులు ముడుచుకోవడం మానేశాయి. నెల తర్వాత కూడా ఆ తేడా కనిపించింది. దీన్ని 'జ్ఞాపకం' అనవచ్చా అన్న చర్చ ఇంకా సాగుతూనే ఉంది.

ఇంట్లో చేసి చూడండి

వానలు పడ్డాక రామంతాపూర్ పెద్ద చెరువు వైపు నడకకు వెళ్ళినప్పుడు, తేమ ఉన్న నేలలో పిల్లలతో కలిసి వెతకండి. దూదిపింజల్లాంటి గులాబి రంగు పూలే గుర్తు. దొరకకపోతే నర్సరీలో అడగండి. కుండీని ఎండ తగిలే బాల్కనీలో పెట్టండి.

• ఒక ఆకును మెల్లగా తాకి, ఎన్ని నిమిషాలకు విచ్చుకుందో రాయించండి.
• వేలితో తాకినప్పుడు, నీటి చుక్క పడినప్పుడు, గాలి ఊదినప్పుడు తేడా చూడమనండి.
• చీకటి పడ్డాక ఎవరూ తాకకుండానే ఏమవుతుందో గమనించమనండి.

కాడకు ముళ్ళుంటాయి, జాగ్రత్త. ఆకులు నోట్లో పెట్టుకోనివ్వకండి. రోజుకు రెండు మూడుసార్లకు మించి తాకనివ్వకండి. ఎందుకు తాకకూడదో ఈసారి పిల్లలనే మీకు చెప్పమనండి.