పాత బండికి కొత్త ఇరుసు

యంత్రంలోని ఒక భాగాన్ని తొలగించి దాని స్థానంలో మరొకదానిని అమర్చడం పైకి చిన్న పనిగానే కనిపిస్తుంది. అయితే తొలగించిన భాగం అంతవరకు ఎన్ని బాధ్యతలు మోస్తున్నదో తెలుసుకోకుండా ఆ పనికి పూనుకుంటే, ఆ బాధ్యతలలో కొన్ని ఎవరికీ చెందకుండా మిగిలిపోతాయి. ఈ సూత్రం కర్మాగారంలోని పంపుకు ఎంతగా వర్తిస్తుందో, రోడ్డుపై తిరిగే వాహనానికీ అంతగానే వర్తిస్తుంది. ఇందుకు మంచి ఉదాహరణ షెవర్లే 3100 అనే పాత పికప్ ట్రక్కుకు వెనుక ఇరుసు మార్చడం. ఆ వివరాలను పాఠక మిత్రుల ముందు ఉంచుతున్నాము.

అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థ ఈ అరటన్ను ట్రక్కు శ్రేణిని 1947లో ప్రవేశపెట్టి, 1955 ఆరంభం వరకు తయారు చేసింది. షెవర్లే పేరు మన దేశానికి కొత్తది కాదు. 1928లో బొంబాయి శివ్‌డీ ప్రాంతంలో ఆ సంస్థ నెలకొల్పిన కర్మాగారం 1954 వరకు షెవర్లే వాహనాలను బిగించి మన రోడ్లకు అందించింది.

మార్పు అవసరం ఎందుకు?

ఈ ట్రక్కు తొలి నమూనాలలో 216 ఘనపు అంగుళాల, అంటే సుమారు 3.5 లీటర్ల, ఆరు సిలిండర్ల ఇంజను ఉండేది. దాని కనెక్టింగ్ రాడ్ల బేరింగులు బ్యాబిట్ లోహాన్ని కరగించి పోసి తయారు చేసినవి. రాడ్ల అడుగున గరిటెల వంటి అమరిక నూనెను చిమ్మి వాటిని తడుపుతుంది. నింపాదిగా సాగే గ్రామీణ ప్రయాణాలకు ఇది చక్కగా సరిపోయింది. ఎక్కువ వేగంతో గంటల తరబడి తిరగడం మాత్రం ఈ ఇంజనుకు క్షేమం కాదు.

వెనుక ఇరుసులో పినియన్‌కు 9 పళ్లు, క్రౌన్ వీల్‌కు 37 పళ్లు ఉంటే నిష్పత్తి 4.11 అవుతుంది. 28 అంగుళాల వ్యాసం గల టైరుతో గంటకు 80 కిలోమీటర్ల వేగాన వెళితే ఇంజను నిమిషానికి సుమారు 2,450 చుట్లు తిరగాలి. 11, 41 పళ్లతో 3.73 నిష్పత్తి గల తరువాతి కాలపు ఇరుసు అమర్చితే ఆ సంఖ్య సుమారు 2,225కు తగ్గుతుంది. ఇంజనుకు ఊరట లభిస్తుంది. అయితే చక్రం వద్ద లాగే శక్తి కూడా అదే దామాషాలో, దాదాపు తొమ్మిది శాతం, తగ్గుతుంది. బరువుతో కొండదారులు ఎక్కవలసిన బండి యజమాని ఈ లెక్క ముందుగానే చూసుకోవాలి.

గొట్టం చేసే పని

ఈ ట్రక్కులో ప్రొపెల్లర్ షాఫ్ట్ బయటికి కనిపించదు. టార్క్ ట్యూబ్ అనే ఉక్కు గొట్టంలో దాగి ఉంటుంది. గొట్టం వెనుక కొస ఇరుసు పెట్టెకు గట్టిగా బిగించి ఉంటుంది. ముందు కొస గేరుబాక్సు వెనుక బంతి ఆకారపు కీలులో కదులుతుంది. ఇంజను చక్రాలను ముందుకు తిప్పినప్పుడు, దానికి ప్రతిచర్యగా ఇరుసు పెట్టె వెనక్కి తిరగజూస్తుంది, దాని ముక్కు పైకి లేవజూస్తుంది. ఆ తిరుగుడును అదుపు చేసేది ఈ గొట్టమే.

తరువాతి కాలపు ఇరుసుకు ఈ గొట్టం ఉండదు. 1955 నమూనాలతో షెవర్లే సంస్థే బయటికి కనిపించే షాఫ్ట్ పద్ధతికి మారింది. గొట్టం పోయిన మరుక్షణం దాని బాధ్యత కమాన్లపై పడుతుంది. కనుక దశాబ్దాల పాటు బరువు మోసి అలసిన కమాన్లను పరీక్షించి, విరిగిన పట్టీలను మార్చి, కొత్త యూ బోల్టులతో బిగించడం అత్యావశ్యకం. పాత గేరుబాక్సు వెనుక భాగం గొట్టానికి అనువుగా మలచినది కావడం వల్ల, బయటి షాఫ్ట్‌కు తగిన గేరుబాక్సును కూడా సమకూర్చుకోవాలి.

కొలతలు, కోణాలు

కమాన్లు కూర్చునే పీటలను కొత్త ఇరుసుపై వెల్డింగ్ చేయవలసి వస్తుంది. ముందు చిన్న చుక్కలతో అతికించి, బండి బరువును చక్రాలపై నిలిపి, గేరుబాక్సు షాఫ్ట్‌కు పినియన్ సమాంతరంగా ఉన్నదో లేదో చూడాలి. లాగుడులో పినియన్ ముక్కు కొంత పైకి లేస్తుంది గనుక ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉంచడం పరిపాటి. కోణం తప్పితే కంపనం పుట్టి యూనివర్సల్ జాయింట్లు త్వరగా అరిగిపోతాయి. కోణం కుదిరిన తరువాతనే పూర్తి వెల్డింగ్ చేయాలి. అదీ కొద్దికొద్దిగా, చల్లారనిస్తూ సాగాలి. లేకుంటే వేడికి ఇరుసు గొట్టం వంగుతుంది. షాఫ్ట్ పొడవును కూడా బండి తన చక్రాలపై నిలిచిన స్థితిలోనే కొలవాలి.

పాత చక్రానికి ఆరు బోల్టులు ఉంటాయి. ఐదు బోల్టుల ఇరుసు ఎంచుకుంటే ఒకే స్టెప్నీ ముందు వెనుకలకు పనికిరాదు. రెండు డ్రమ్ముల మధ్య వెడల్పు ఎక్కువైతే టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది.

స్పీడోమీటరు సంగతి మరింత ముఖ్యమైనది. దానిని నడిపించే పళ్లచక్రాన్ని మార్చకుంటే, బండి నిజంగా 80 కిలోమీటర్ల వేగంతో పోతున్నా ముల్లు 73 లోపే చూపుతుంది. డ్రైవరు తాను నెమ్మదిగానే వెళుతున్నానని నమ్ముతాడు. బ్రేకులు కూడా ఇరుసుతో పాటే మారుతాయి. హోస్ పైపు పొడవు, చక్రాల సిలిండర్ల పరిమాణం, హ్యాండ్ బ్రేకు కేబుల్ సరిచూసి, గాలి పూర్తిగా తీసిన తరువాతనే బండిని కదిలించాలి. పని జరుగుతున్నంతసేపు బండిని కేవలం జాకీపై ఉంచక, బలమైన స్టాండులపై నిలపాలని ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు.

చట్టం ఏమంటుంది?

రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నియంత్రిస్తుంది. 2021లో కేంద్ర నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం, 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు జరగని వాహనానికే వింటేజ్ గుర్తింపు లభిస్తుంది. రోజూ నడిపే వీలు కోసం చేసిన మార్పు ఆ గౌరవానికి ముప్పు తేకూడదు. కనుక రెంచి పట్టేముందు రవాణా కార్యాలయంలో విచారించడం వివేకం. ఛాసిస్‌ను కోయకుండా అమర్చగల ఇరుసునే ఎంచుకోవాలి. తీసిన ఇరుసును, టార్క్ ట్యూబ్‌ను, ప్రతి బోల్టునూ గ్రీజు పూసి, చీటీలు కట్టి భద్రపరచాలి. మరునాటి తరం కోరుకుంటే బండి తిరిగి తన తొలి రూపం దాల్చగలగాలి.

మన సంస్థలలోనూ వయసు మీరిన యంత్రాలకు కొత్త భాగాలు అమర్చే సందర్భాలు తరచుగా వస్తుంటాయి. పాత భాగం చేస్తున్న పనులన్నింటినీ ముందుగా ఒక కాగితంపై వ్రాసి, ప్రతి పనికి ఎదురుగా ఇకపై దానిని నిర్వర్తించే భాగం పేరు నమోదు చేయడం మేలు. ఆ పట్టికలో ఒక్క గడి ఖాళీగా ఉన్నా, పని మొదలుపెట్టే సమయం ఇంకా రాలేదని గ్రహించాలి.