చెరకు తోటల కింద ఆనకట్ట

మియాకోజిమా దీవిలో, హిరారా పట్టణానికి దగ్గర్లో ముయికాగా అనే పాత దిగుడుబావి ఒకటుంది. నూరుకు పైగా రాతిమెట్లు. పైన ఎండ చురుక్కుమంటుంటే లోపల చీకటి, చెమ్మ, అట్టడుగున ఊట. కుళాయిలు రాకముందు ఇలాంటి బావుల్లోంచి నీళ్లు మోసిన బరువంతా ఆడవాళ్లది, పిల్లలదే. దిగేటప్పుడు ఏముంది, చేతులు ఖాళీ. ఎక్కడమే యాతన.

జపాన్‌లోని ఒకినావా ప్రధాన దీవికి నైరుతి దిక్కున, దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో ఉందీ దీవి. కర్కాటక రేఖకు కాస్త ఎగువన ఉన్న ఉపోష్ణ మండలం. ఏడాదికి రెండు వేల మిల్లీమీటర్లకు పైనే వాన పడుతుంది. అనంతపురంలో కురిసేదానికి దాదాపు నాలుగింతలు! అయినా చెప్పుకోదగ్గ ఏరు ఒక్కటీ లేదు. తుపాను వానలు దంచికొట్టినా రెండు రోజులకల్లా నేల పొడిపొడిగా ఉంటుంది.

అదంతా రాతి మహిమ. పగడపు దిబ్బలు గట్టిపడి తయారైన సున్నపురాయి ఈ దీవిని దుప్పటిలా కప్పి ఉంది. రాయి నిండా చిల్లులు, సందులు. నూరు చుక్కల వాన కురిస్తే సుమారు 50 ఆవిరైపోతాయి, 10 నేలమీద పారిపోతాయి, మిగతా 40 రాతిలోకి ఇంకిపోతాయి. దాని కింద బురద గట్టిపడి ఏర్పడిన మరో రాతిపొర ఉంది. అది నీటిని దిగనివ్వదు. ఆ పొర చదునుగా ఉండదు. నేలలోపలే లోయల్లాంటి పల్లాలున్నాయి. ఇంకిన నీళ్లు ఆ పల్లాల వెంట జారుకుంటూ వెళ్లి, ఎవరి కంటా పడకుండా సముద్రంలో కలిసిపోయేవి.

1971లో నెలల తరబడి వాన మొహం చాటేసింది. దీవి బతుకుతెరువైన చెరకు నిలువునా ఎండింది. ఆ మరుసటి ఏడే ఒకినావా అమెరికా పాలన నుంచి మళ్లీ జపాన్ చేతికొచ్చింది, ప్రభుత్వ పెట్టుబడీ వచ్చింది. అప్పుడు ఇంజనీర్లకు తట్టిన ఆలోచన వినడానికి విడ్డూరంగానే ఉంటుంది: సముద్రానికి దారితీసే ఆ పల్లాలకు భూమిలోపలే అడ్డుగోడ కడితే?

మినాఫుకు దగ్గర ప్రయోగం కోసం కట్టిన చిన్న గోడ 1979లో పూర్తయింది. అందులో నీళ్లు నిలిచాయి. ఆ ధైర్యంతో సునగావా, ఫుకుజాతో దగ్గర పెద్ద ఆనకట్టలకు పూనుకున్నారు. సునగావా గోడ ఎత్తు 50 మీటర్లు, పొడవు 1,677 మీటర్లు. కట్టిన తీరు చూడముచ్చటగా ఉంటుంది. పక్కపక్కనే మూడు బర్మాలున్న భారీ యంత్రం సున్నపురాయిని పిండి చేసుకుంటూ అడుగున ఉన్న బురదరాయి దాకా దిగుతుంది. దిగుతూనే సిమెంటు పాలు వదిలి, ఆ రాతిపిండితోనే కలిపేస్తుంది. గట్టిపడ్డాక అదో గోడముక్క. దాన్ని ఆనించి మరో ముక్క, ఆపైన ఇంకొకటి. తవ్విపోసిన గుట్టలుండవు, మునిగిన ఊళ్లుండవు, నిర్వాసితులూ ఉండరు. పైన ఎప్పట్లాగే చెరకు ఊగుతుంటుంది. కింద ఆనకట్ట ఉందని బోర్డు చూస్తే తప్ప తెలియదు.

నీళ్లు ఖాళీ జాగాలో కాదు, రాతి చిల్లుల్లోనే నిలుస్తాయి. పది బకెట్ల రాతికి దక్కేది సుమారు ఒక బకెట్ నీళ్లు. ఆ లెక్కన రెండు పెద్ద ఆనకట్టలూ కలిపి పట్టేది సుమారు రెండు కోట్ల ఘనపు మీటర్లు. మన భాషలో చెప్పాలంటే టీఎంసీలో ముప్పాతిక కూడా కాదు. శ్రీశైలం ముందు చెప్పుకోవడానికే సిగ్గేస్తుంది. కానీ 160 చదరపు కిలోమీటర్ల దీవికి ఆ కాస్తే కరవు కాలంలో చెరకును కాపాడే కొండంత అండ. ఎండకు ఆవిరి కాదు, పూడిక పేరుకోదు. ఎక్కువైన నీళ్లు గోడ మీదుగా పొర్లి సముద్రంలోకి పోతాయి. తోడినకొద్దీ ఉప్పునీరు లోపలికి ఎగదన్నుకు రాకుండానూ ఆ గోడే కాపు కాస్తుంది.

ఇక జపాన్‌లోనే ఉన్న కికాయ్ అనే మరో దీవిలో ఇలాంటి ఆనకట్టే కడుతుంటే సీతాకోకచిలుకలు అడ్డొచ్చాయి. తెల్లటి రెక్కల మీద నల్లచారలుండే పెద్ద సీతాకోకచిలుకలవి. వాటి అడవిని కొట్టేయడానికి మనసొప్పక, ఆ మేరకు సొరంగం తవ్వి, గోడను అందులోంచి కిందికి దించారు.

మళ్లీ మియాకోజిమాకు వద్దాం. నీళ్లు నిలిచాయి సరే, ఎలాంటి నీళ్లు? వానను గుటుక్కున మింగే రాయి దాంతోపాటు వచ్చేదేదీ వడకట్టదు. చెరకు నాటినప్పుడు గుప్పిళ్లకొద్దీ వేసే నత్రజని ఎరువును లేత వేళ్లు అంతా పీల్చుకోలేవు. ఆలోగా ఒక గట్టి వాన పడితే మిగిలిందంతా నైట్రేటుగా మారి నేరుగా ఊటలోకి దిగుతుంది. దానికి పశువుల పేడ, ఇళ్ల మురుగు తోడు. నైట్రేటు మితిమీరితే పాలుతాగే పసికందుల రక్తం ఆక్సిజన్‌ను మోయలేక ఒళ్లు నీలంగా మారుతుంది. జపాన్‌లో తాగునీటికి పెట్టిన హద్దు లీటరుకు 10 మిల్లీగ్రాముల నైట్రేటు నత్రజని. 1980ల చివరికి మియాకోజిమాలో కొన్నిచోట్ల అది ఆ గీత దగ్గరదాకా పోయింది. దీవి మొత్తానికీ తాగునీళ్లు ఆ రాతిలోంచే రావాలి. పక్క జిల్లా నుంచి ట్యాంకర్ తెప్పించుకుందామంటే చుట్టూ సముద్రమాయె. నెమ్మదిగా కరిగే ఎరువులు, విడతలవారీగా వేయడం, బావుల్లో క్రమం తప్పని పరీక్షలు మొదలయ్యాక ఆ అంకె దిగొచ్చింది.

భూగర్భ జలాన్ని ఎవరి పొలంలో వాళ్ల సొత్తుగా వదిలేయకూడదని ఈ దీవి చాలా ముందే గ్రహించింది. దాని రక్షణకు స్థానిక నిబంధన 1965లోనే వచ్చింది. బోరు వేయాలంటే అనుమతి కావాలన్న మన వాల్టా చట్టం వచ్చింది 2002లో. అమలు సంగతి బోరు బండ్ల వాళ్లనడిగితే చెబుతారు.

సున్నపురాతిలో నానిన నీళ్లు కాబట్టి మియాకోజిమా నీళ్లు బాగా కఠినం. కెటిల్ అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. అందుకే సోదెయామా శుద్ధి కేంద్రంలో నీటిలోని సున్నాన్ని ముందే పేరుకునేలా చేసి, చిన్న చిన్న తెల్లటి గుళికలుగా తీసేశాకే కుళాయిలకు వదులుతారు.