కంప్యూటరుకు మెమొరీ: విస్తారమా, వేగమా, వెలయా?

కంప్యూటరు మందగించినదని ఎవరైన అన్నచో, “ర్యాము పెంచుము, సరిపోవును” అని ప్రక్కనున్నవారు సలహా చెప్పుట నేడు పరిపాటి యైనది. సలహా సులభమే. అంగడికి పోయిన పిమ్మటనే చిక్కు మొదలగును. ఒకే పరిమాణము గల రెండు ర్యాము స్టిక్కులు రెండు వెలలకు కానవచ్చును. ఒకదానిపై సి.ఎల్. 16 అనియు, రెండవదానిపై సి.ఎల్. 22 అనియు వ్రాసియుండును. ఏది కొనవలెను? అధికముగా ఇచ్చిన సొమ్మునకు ఫలమేమి? ఈ ప్రశ్నలకు సమాధానము తెలియుటకు పాండిత్యము అక్కరలేదు. కొంచెము లెక్క, కొంచెము వివేకము చాలును.

ఇది వేడుకకై తెలిసికొనవలసిన విషయము మాత్రమే కాదు. నాంపల్లి న్యాయస్థానముల చెంత అర్జీలు, దస్తావేజులు టైపు చేయువారికిని, ఆబిడ్సు సందులలో పుస్తకములు, కరపత్రములు కంపోజు చేయువారికిని కంప్యూటరు విలాసవస్తువు కాదు. దర్జీకి కుట్టుమిషను ఎట్టిదో వారికి అది అట్టిది. అది నిలిచిపోయిన నాడు రాబడియు నిలిచిపోవును. దానికి తోడు 2025 అక్టోబరు 14వ తేదీతో విండోసు 10కి మైక్రోసాఫ్టు సంస్థ సాధారణ మద్దతు ముగించినది. పాత యంత్రమును బాగుచేయించుకొనుటయా, క్రొత్తది కొనుటయా అను మీమాంస ఎన్నో ఇండ్లలోను దుకాణములలోను తలయెత్తినది. ఇట్టి సమయమున మెమొరీపై వెచ్చించు ప్రతి రూపాయియు ఆలోచించి వెచ్చింపవలసినదే.

మెమొరీ చేయు పని యేమి? 1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వంటి గ్రంథాలయమును తలచుకొనుడు. బీరువాలలోని పుస్తకములన్నియు డిస్కులోని సమాచారము వంటివి. చదువరి ముందున్న బల్ల మెమొరీ. చదువరి ప్రాసెసరు. బల్ల పెద్దదైనచో పది పుస్తకములు తెరచి పెట్టుకొని పనిచేయవచ్చును. చిన్నదైనచో ఒకటి తీయుటకు మరియొకటి బీరువాకు చేర్చవలసి వచ్చును. చదువరి ఎంత చురుకైనవాడైనను కాలమంతయు నడకకే సరిపోవును. మందగించిన కంప్యూటరులలో పెక్కింటి వ్యాధి ఇదియే.

ఈ బల్ల మన కాలమున ఎంత పెరిగినదో చెప్పుటకు హైదరాబాదుననే ఒక నిదర్శనము కలదు. 1967లో ఇచట స్థాపితమైన ఎలక్ట్రానిక్సు కార్పొరేషను ఆఫ్ ఇండియా, అనగా ఇ.సి.ఐ.ఎల్., పేర 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరు వెలువడినది. దాని మెమొరీ సన్నని తీగెలపై గ్రుచ్చిన అయస్కాంతపు వలయములతో కూడినది. ఒక్కొక్క బిట్టునకు ఒక్కొక్క వలయము. దాని మూల పరిమాణము 4,096 పదములు, పదమునకు 12 బిట్లు. నేటి లెక్కలో అది 6 కిలోబైట్లు. ఈనాడు సామాన్యమైన 8 గిగాబైట్ల స్టిక్కు దానికి సుమారు పదునాలుగు లక్షల రెట్లు. ఆ వలయముల స్థానమును ఆక్రమించినది డైనమిక్ ర్యాము. ఐ.బి.ఎం. సంస్థకు చెందిన రాబర్ట్ డెన్నార్డు దీనిని కనిపెట్టి 1968లో పేటెంటు పొందెను. ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు కలిసి ఒక బిట్టును నిలుపును. కెపాసిటరులోని విద్యుత్తు కారిపోవుచుండును గనుక సెకనుకు అనేక పర్యాయములు దానిని తిరిగి నింపుచుండవలెను. నేటి స్టిక్కులన్నియు ఈ సూత్రము మీదనే పనిచేయుచున్నవి.

ఇక టైమింగుల సంగతి. స్టిక్కుపై 16-18-18 అని గాని, 22-22-22 అని గాని అంకెలు ఉండును. మెమొరీలోని బిట్లు వరుసలుగాను, నిలువులుగాను అమరియుండును. వరుసను బీరువా యనుకొనుడు. మొదటి అంకె, అనగా సి.ఎల్., తెరచియున్న బీరువా నుండి కోరిన పుస్తకము చేతికి అందుటకు పట్టు గడువు. రెండవది మూసియున్న బీరువాను తెరచుటకు పట్టునది. మూడవది ముందు తెరచిన దానిని మూయుటకు పట్టునది. అంకె చిన్నదైన కొలదియు నిరీక్షణ తక్కువ.

కాని ఇచట పలువురు ఒక పొరపాటు చేయుచున్నారు. ఈ అంకెలు కాలమును సూచించునవి కావు. గడియారపు టిక్కులను సూచించునవి. టిక్కు ఎంత చిన్నదో తెలియనిదే అంకెకు అర్థము లేదు. డి.డి.ఆర్.4-3200 అనగా సెకనుకు 320 కోట్ల మారులు సమాచారము చేరవేయునది. ప్రతి టిక్కునకును రెండు మారులు చేరవేయును గనుక టిక్కులు 160 కోట్లు. ఒక్కొక్క టిక్కు 0.625 నానోసెకను. సులభమైన సూత్రము: సి.ఎల్. అంకెను 2,000తో గుణించి, స్టిక్కు వేగపు అంకెతో భాగింపుడు. వచ్చినది నానోసెకనులలో నిరీక్షణ.

లెక్క వేసి చూతము. 3200 వేగము, సి.ఎల్. 16 అయినచో 10 నానోసెకనులు. అదే వేగము, సి.ఎల్. 22 అయినచో 13.75. డి.డి.ఆర్.5-6000, సి.ఎల్. 30 అయినచో మరల 10. డి.డి.ఆర్.5-4800, సి.ఎల్. 40 అయినచో 16.67. చూచితిరా? 30 అను అంకె 16 కంటె పెద్దది. అయినను రెండింటి నిరీక్షణ ఒక్కటే. కేవలము సి.ఎల్. అంకెను చూచి ఒకటి మేలు, మరియొకటి కీడు అని నిర్ణయించుట, గంటకు ఎన్ని నిమిషములో తెలియక గంటలు లెక్కించుట వంటిది.

నిరీక్షణ వేరు, ప్రవాహము వేరు. నాంపల్లి ఎగ్జిబిషను మైదానమున ఏటేట జరుగు నుమాయిషుకు పోయినవారికి ఈ భేదము సులభముగా బోధపడును. ద్వారము కడ టిక్కెట్టు చూపి లోనికి పోవుటకు ఒక్కరికి పట్టు సమయము నిరీక్షణ. గంటకు ఎందరు లోనికి పోగలరనునది ప్రవాహము. 3200 స్టిక్కు ఒక మార్గమున సెకనుకు 25.6 గిగాబైట్లు పంపగలదు. 6000 స్టిక్కు 48 గిగాబైట్లు పంపగలదు. రెండవ ద్వారము తెరచినచో ప్రవాహము రెట్టింపగును. అందుచేతనే ఒక 16 గిగాబైట్ల స్టిక్కు కంటె రెండు 8 గిగాబైట్ల స్టిక్కులు, మదర్‌బోర్డు సూచించిన గాడులలో జతగా అమర్చినచో, సాధారణముగా మేలు. ప్రత్యేకమైన గ్రాఫిక్సు కార్డు లేక, ప్రాసెసరులోని గ్రాఫిక్సుతోనే నడచు యంత్రములలో ఈ మేలు స్పష్టముగా కానవచ్చును.

ఇప్పుడు మూడింటిని ఒక త్రాసులో వేయుదము. సి.ఎల్. 22కు బదులు సి.ఎల్. 16 కొన్నచో మిగులునది 3.75 నానోసెకనులు. ప్రాసెసరు అడిగినది మొదలు మెమొరీ నుండి సమాచారము అందువరకు మొత్తము మీద 60 మొదలు 100 నానోసెకనుల దాక పట్టుచుండును. పైగా అడిగిన వానిలో అధికభాగము ప్రాసెసరులోని క్యాషెలోనే దొరకును. మెమొరీ దాక పోవలసిన అవసరమే యుండదు. మరి బల్ల చాలక డిస్కునకు పోవలసి వచ్చినచో? తిరుగు హార్డుడిస్కు ఒక్క తడవకు 10 మిల్లీసెకనులు తీసికొనగలదు. అనగా ఒక కోటి నానోసెకనులు! మంచి ఎస్.ఎస్.డి. అయినను పదుల వేల నానోసెకనులు తీసికొనును. ఒకచోట మూడు నాలుగు నానోసెకనుల లాభము. మరియొకచోట కోటి నానోసెకనుల నష్టము. కావున మొదట విస్తారము, తరువాతనే టైమింగులు.

ఎంత విస్తారము? ఊహపై ఆధారపడక కొలిచి చూచుకొనుట మంచిది. దినమంతయు చేయు పనులన్నియు ఒకేమారు తెరచి, విండోసులోని టాస్కు మేనేజరులో మెమొరీ ఎంత వినియోగమైనదో చూడుడు. నూటికి 85 పాళ్ళు దాటుచున్నచో బల్ల చాలలేదనియే అర్థము. సగమే వినియోగమగుచున్నచో మందగతికి కారణము మరియొకటి. ర్యాము కొనుట వ్యర్థము. అట్టి యంత్రములో పాత హార్డుడిస్కు ఉన్నచో దానిని తీసి ఎస్.ఎస్.డి. పెట్టించుట మేలు.

అర్జీలు టైపు చేయువారికి 8 గిగాబైట్లు చాలును. పుస్తకములు కంపోజు చేయుచు, బొమ్మలు దిద్దుచు, బ్రౌజరులో పది పుటలు తెరచియుంచువారికి 16 కావలెను. ప్రోగ్రాములు వ్రాయు ఇంజనీరింగు విద్యార్థికిని 16 మంచి మొదలు. వీడియో కూర్చువారికి 32. మా వృత్తిలోని శబ్దసంకలనము సంగతి చూతము: సెకనుకు 48,000 నమూనాలు, నమూనాకు 24 బిట్లు, రెండు ఛానెళ్ళు అను లెక్కన ఒక గంట ప్రసంగము ఒక గిగాబైటు మాత్రమే. సంకలనపు ప్రోగ్రాము దానిని డిస్కు నుండి కొంచెము కొంచెముగా చదువుకొనును. కావున ఆ పనికి 16 సమృద్ధి.

టైమింగులు అక్కరకు వచ్చు సందర్భములు లేకపోలేదు. వేగమైన ఆటలు ఆడువారికి, ప్రాసెసరుపై ఎడతెగని భారము మోపు గణనలు చేయువారికి కొంత లాభము కలుగును. ఇతరులకు నేను చెప్పు కొలత ఇది: విస్తారము సమానమై, మంచి టైమింగులు గల స్టిక్కు వెల పదవవంతు లోపల అధికమైనచో తీసికొనుడు. అంతకు మించినచో ఆ సొమ్మును విస్తారమునకో, ఎస్.ఎస్.డి.కో వినియోగింపుడు. స్టిక్కు వెలను గిగాబైట్ల సంఖ్యతో భాగించి గిగాబైటుకు ఎంత పడుచున్నదో చూచినచో పోలిక సులభమగును.

వెలల విషయమున ఇటీవలి పరిణామమొకటి గమనింపదగినది. ప్రపంచమున డైనమిక్ ర్యాములో అధికభాగమును శాంసంగు, ఎస్.కె. హైనిక్సు, మైక్రాను అను మూడు సంస్థలే ఉత్పత్తి చేయుచున్నవి. కృత్రిమ మేధకై నెలకొల్పు మహా గణనకేంద్రములకు ప్రత్యేకమైన మెమొరీ విస్తారముగా కావలసి వచ్చుటచే, కర్మాగారముల శక్తి అటు మరలినది. అందుచే 2025 చివరి నెలలలో సామాన్యుని స్టిక్కుల వెలలు ఒక్కుమ్మడిగా పెరిగినవి. ఆ సంవత్సరము డిసెంబరులో మైక్రాను సంస్థ క్రూషియల్ పేర గృహవినియోగదారులకు సాగించుచున్న విక్రయమును విరమింతునని ప్రకటించినది. డి.డి.ఆర్.4 ఉత్పత్తియు తగ్గుముఖము పట్టినది. పాతది గనుక చవుక అను న్యాయము ఇచట చెల్లదు.

వెల పెరిగినప్పుడు వాడిన సరుకు వైపు మనసు పోవుట సహజము. ఆబిడ్సులోని జగదీశ్ మార్కెట్టు చేతిఫోనులకును, సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు కంప్యూటరు సామగ్రికిని పేరు పొందినవి. ఎచట కొన్నను కొన్ని జాగ్రత్తలు తప్పవు. డి.డి.ఆర్.3 గాడిలో డి.డి.ఆర్.4 పట్టదు, డి.డి.ఆర్.4 గాడిలో డి.డి.ఆర్.5 పట్టదు. రెండింటికిని 288 పిన్నులే యైనను గంటు వేరుచోట నుండును. బలవంతముగా నొక్కినచో గాడి చెడును. లాప్‌టాపు స్టిక్కులు పొట్టివి. కొన్ని లాప్‌టాపులలో మెమొరీ బోర్డునకే అతికియుండును, మార్చుటకు వీలుండదు. సర్వరుల నుండి తీసిన రిజిస్టర్డు స్టిక్కులు చవుకగా దొరకును. అవి సామాన్యమైన కంప్యూటరులో పనిచేయవు. చవుకను చూచి కొని, నిరుపయోగముగా సొరుగులో పడవేసికొనవలసి వచ్చును.

పాత స్టిక్కు ప్రక్కన క్రొత్తది చేర్చినచో రెండును సాధారణముగా నెమ్మదియైన దాని వేగముతోనే నడచును. కాన పాతదాని వేగమును, టైమింగులను సి.పి.యు.-జెడ్ వంటి ప్రోగ్రాముతో చూచుకొని, వ్రాసికొని అంగడికి పోవలెను. మంచి టైమింగుల స్టిక్కు కొన్నను, మదర్‌బోర్డు బయాసులో ఎక్స్.ఎం.పి. లేక ఎక్స్‌పో అను అమరిక చేయనిచో అది సామాన్యపు వేగముతోనే నడచును. అధికముగా ఇచ్చిన సొమ్ము వృథా. కొన్న దినముననే మెమ్‌టెస్టు86 వంటి పరీక్షను ఒక రాత్రి నడపి చూడవలెను. ఒక్క తప్పు వచ్చినను స్టిక్కును తిరిగి ఇచ్చివేయవలెను. చెడిన మెమొరీ వ్రాసిన పత్రమును చెప్పక చెరచును. బిల్లు, వారంటీ కాగితము చేతిలో నున్నప్పుడే ఇది సాధ్యము.

సారాంశమిది. మొదట గాడికి పొసగునది. పిమ్మట పనికి చాలు విస్తారము. ఆపై జతగా అమరిక. వేగము, టైమింగులు చివరను. ఈ క్రమము తప్పినవారు తక్కువ అవసరమైన దానికి ఎక్కువ వెల ఇచ్చుచున్నారు. ఇంటిలో పిల్లవాని చదువునకో, వీధిలోని దుకాణమునకో కొనునది ఏదైనను, ముందు టాస్కు మేనేజరును ఒకమారు తెరచి చూడుడు. కొనవలసిన అవసరమే లేదని తేలినచో, అంతకు మించిన చవుక బేరము మరియొకటి లేదు.